వరాహ లాంఛనము – భీమేశ్వరాలయము

మన తాతముత్తాతలు బంగారమును వరహాలలో లెక్కించెడివారు. ఆ నాణెము చెలామణినుండి తొలగి చాలకాలమైనను మాట మాత్రము మన నోట నిలిచియున్నది. వరహా యను పేరు వరాహమునుండి వచ్చినది. చాళుక్య రాజులు తమ లాంఛనముగా ధరించిన వరాహమూర్తి బంగారు నాణెముపైకెక్కి, కాలక్రమమున ఆ నాణెమునకే పేరయ్యెను. తరువాత రాజ్యములు మారినవి, నాణెములపై బొమ్మలును మారినవి; పేరు మాత్రము మారలేదు. ఇదే నాణెమును మన రేవులలో దిగిన ఐరోపా వర్తకులు 'పగోడా' అనిరి. పగోడా యనగా వారి వాడుకలో గుడి. ఒకే నాణెమును మనవారు రాజచిహ్నమును బట్టి పిలిచిరి, పరదేశీయులు గుడిని బట్టి పిలిచిరి.

రాజచిహ్నమునకును గుడికిని గల ఈ చుట్టరికము కేవలము నాణెముతో ముగియునది కాదు. కాకినాడ రేవునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న సామర్లకోటలో అది నేటికిని కంటికి కనిపించును. దానిని గూర్చియే ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచినాము.

పడమటి దేశములలో నగరమునకే సొంతమైన లాంఛనముండుట పరిపాటి. పోర్చుగలు రాజధానియు, పేరెన్నికగన్న రేవుపట్టణమును అగు లిస్బను చిహ్నములో ఒక ఓడయు, దానిపై రెండు బొంతకాకులును ఉన్నవి. విన్సెంటు అను పునీతుని భౌతికకాయమును తెచ్చిన ఓడకు ఆ కాకులు కావలి కాచినవని అక్కడి ఐతిహ్యము. పారిసు నగర చిహ్నములోను ఓడయే కలదు. అట్టి చిహ్నములను ఆ ఊరివారు పురభవనములపైనను, వీధి దీపస్తంభములపైనను నిలుపుకొందురు.

మన ప్రాచీన రాజ్యములలో పద్ధతి వేరు. లాంఛనము రాజవంశమునకు చెందినదే గాని ఊరికి చెందినది కాదు. ఊరికి గుర్తు దాని గుడి, దాని కోట, దాని చెఱువు. అందుచేత మన ఊళ్ళ పూర్వచరిత్ర తెలిసికొనగోరువారు రాగిపై ముద్రను, రాతిపై కట్టడమును రెంటిని జోడించి చదువవలసియుండును.

మొదట ముద్రను చూతము. క్రీ.శ. 624 ప్రాంతమున, బాదామి చాళుక్య చక్రవర్తియగు రెండవ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో తూర్పు చాళుక్య వంశమును నెలకొల్పెను. ఆ రాజులు బ్రాహ్మణులకును, దేవాలయములకును, సేనానులకును ఇచ్చిన భూదానములను రాగిరేకులపై చెక్కించెడివారు. రేకులన్నిటికిని ఒక ప్రక్క రంధ్రము చేసి, రాగికడియమునకు గ్రుచ్చి, ఆ కడియపు కొనలను గుండ్రని ముద్రలో బిగించెడివారు. ముద్రను పగులగొట్టక, కడియమును కోయక ఒక రేకును తీయుటకు గాని, దొంగరేకును చేర్చుటకు గాని వీలులేదు. కనుక ఆ ముద్ర చూచుటకు అందమైనదే యైనను, భూమిని పొందిన కుటుంబమునకు అది తరతరముల భద్రత.

ఆ ముద్రలపై తరచుగా కనబడు కూర్పు ఇట్లుండును. నడుమ 'శ్రీ త్రిభువనాంకుశ' అను బిరుదము. పైన వరాహము, సూర్యచంద్రులు, అంకుశము. క్రింద పద్మము. నారాయణుని అనుగ్రహమువలన తమకు వరాహలాంఛనము లభించినదని ఆ రాజులు తమ శాసనములలో చెప్పుకొనిరి. సముద్రమున మునిగిన భూమిని కోరపై నెత్తిన మూర్తి వరాహము. భూమిని కాచువాడు రాజు. దానమిచ్చునది భూమియే గనుక దాని పత్రముపై ఇంతకంటె తగిన బొమ్మ మఱియొకటి లేదు. సూర్యచంద్రులున్నంతకాలము దానము చెల్లవలెనను అర్థమును మిగిలిన గుర్తులనుండి సామాన్యుడును గ్రహింపగలిగెడివాడు. అక్షరము రానివానికి బొమ్మయే పాఠము.

ఈ వరాహము రాజ్యపు ఎల్లలు దాటి సముద్రముపై కూడ ప్రయాణించెను. క్రీ.శ. 1000 ప్రాంతమున పాలించిన శక్తివర్మయు, నన్నయభట్టునకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడును పలుచని బంగారు నాణెములను అచ్చు వేయించిరి. వాని నడుమ వరాహము, దానికి ఛత్రము, చామరములు. ఆ నాణెములు బంగాళాఖాతమునకు ఆవల, అరకాను తీరమునందలి చెదూబా దీవిలోను, సయాము దేశములోను దొరకినవి. ఏ ఓడలో ఏ వర్తకుడు వానిని కొనిపోయెనో చెప్పు లేఖ ఏదియు మిగులలేదు. వరాహము మాత్రము అవి మన తీరపు నాణెములని సాక్ష్యము పలుకుచున్నది.

ఇక కట్టడము మాట. తూర్పు చాళుక్యులలో మొదటి చాళుక్యభీముడు క్రీ.శ. 892లో పట్టాభిషిక్తుడై ముప్పది సంవత్సరములు పాలించెను. ఆయన పాలనము సుఖమైనది కాదు. రాష్ట్రకూటులతో ఎడతెగని యుద్ధములు. వారి పక్షముననున్న వేములవాడ చాళుక్యుడు బద్దెగుడు ఈ భీముని పట్టుకొన్నట్లు ప్రతిపక్షపు రచనలు గర్వముతో చెప్పుకొన్నవి. మూడు లోకములకు అంకుశమనిపించుకొన్న వంశపు రాజు శత్రువు చేతికి చిక్కెనన్నమాట. అయినను ఆయన విడుదలై, రాజ్యమును తిరిగి నిలువబెట్టుకొని, తన పేరట భీమేశ్వరుని ప్రతిష్ఠించెను. ఆ ఊరు చాళుక్య భీమవరమైనది. నేటి సామర్లకోటలో ఆలయమున్న భాగమునకు భీమవరమను పేరు ఇప్పటికిని నిలిచియున్నది. రాజు పేరు దేవుని పేరులోను, ఊరి పేరులోను కలిసిపోయి, రాగిరేకుల అవసరము లేకయే వేయేండ్లకు పైగా జనుల నోళ్ళలో నడచినది.

ఆలయ నిర్మాణము చూడదగినది. ఒకదానిలో నొకటిగా రెండు ప్రాకారములు. లోపలి ప్రాకారమును ఆనుకొని రెండంతస్తుల స్తంభమండపము. గర్భాలయమును రెండంతస్తులే. తెల్లని సున్నపురాతి లింగము క్రింది అంతస్తు నేలనుండి మొదలై, కప్పును దాటి, పై అంతస్తులోనికి లేచియుండును. భక్తులు క్రింద పాదభాగమును దర్శించి, మెట్లెక్కి పైన శిరోభాగమును దర్శింతురు. ఎదుట ఏకశిలానంది. ద్రాక్షారామమును చూచినవారికి ఈ కట్టుబడి వెంటనే పోలికగా తోచును. అమరావతి, ద్రాక్షారామము, భీమవరపు గునుపూడి, పాలకొల్లు, సామర్లకోట – ఈ అయిదును పంచారామములు. తారకాసురుని కంఠమునందలి లింగమును కుమారస్వామి భేదింపగా అయిదు ముక్కలు అయిదు చోట్ల పడినవనియు, ఇచ్చటిది కుమారుడే ప్రతిష్ఠించెననియు స్థలపురాణము. అందువలననే ఇది కుమారారామము.

రేవుపట్టణముల గతి ఇంత స్థిరమైనది కాదు. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును దెబ్బతీసెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొనెను. ఆ బందరులోనే మఱియొక విధమైన లాంఛనములు కలవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అక్కడ దిగిరి. డచ్చివారు తమ మృతులకు కట్టిన సమాధుల రాతిపలకలపై పేర్లతోపాటు వారి కుటుంబ చిహ్నములను చక్కగా చెక్కించిరి. ఆ చిహ్నములను గుర్తుపట్టగల బంధువులు లేరు. చదువరాని భాష, తెలియని బొమ్మలు. దారినపోవువారికి అవి వట్టి రాళ్ళు. లాంఛనమును చదువగలవారు లేనప్పుడు దాని గతి ఏమగునో బందరు సమాధులు చెప్పుచున్నవి.

వరాహ లాంఛనమునకును అట్టి గతి పట్టగూడదని మా కోరిక. ప్రమాదము దూరములేదు. పొలము దున్నునప్పుడు బయటపడిన రాగిరేకులను పాతరాగిగా తూకమునకు వేసినచో ముద్రయు, దానితో ఒక ఊరి చరిత్రయు మూసలో కరిగిపోవును. శాసనమున్న స్తంభముపై సున్నము పూసినచో, మేకు దిగగొట్టినచో అక్షరము పోవును. ఆ అక్షరములలో రాజుల బిరుదములే కాదు, అఖండదీపమునకు నేతికై గొఱ్ఱెలను, ఆవులను ఒప్పగించిన మామూలు గృహస్థుల పేర్లును ఉండును. వారికి వేరు స్మారకము లేదు.

ఇందు మనము చేయదగిన పని కష్టమైనది కాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయల విలువకు మించిన నిక్షేపము భూమిలో దొరకినచో జిల్లా కలెక్టరునకు తెలుపవలెను. రేకులు దొరకినచో కడియమును విప్పుటకు గాని, తోముటకు గాని యత్నింపక ఉన్నవి ఉన్నట్లుగా అప్పగించుట మేలు. ఆలయమునకు పిల్లలను తీసికొనిపోవు తలిదండ్రులు దర్శనమైన తరువాత ఒక్క అరగంట ప్రాకారము చుట్టు తిరిగి, స్తంభములపై చెక్కిన అక్షరములను చూపి, ఈ ఊరికి భీమవరమని పేరెట్లు వచ్చినదో చెప్పినచో చాలును.

భారత గణతంత్రము 1950 జనవరి 26న సారనాథ స్తంభపు సింహములను జాతీయ చిహ్నముగా స్వీకరించెను. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన చిహ్నములో కాకతీయ తోరణమును, చార్మినారును నిలిపినది. పూర్వము రాజు లాంఛనము ముందు, అతడు కట్టించిన గుడి తరువాత. నేడు ప్రజలు కట్టడమునుండియే లాంఛనమును తీసికొనుచున్నారు. సామర్లకోటవారు తమ ఊరికి ఎన్నడైనను ఒక చిహ్నమును కోరుకొందురేని, రెండంతస్తుల ఆలయము వారి కన్నుల యెదుటనే యున్నది. దానిపై నిలుపుటకు వరాహమును కలదు.