అదే కణాన్ని తిరిగి కనుగొనుట

చిన్న వస్తువును పెద్దదిగా చూపుట సూక్ష్మదర్శిని చేసే పనులలో ఒకటి మాత్రమే. నిన్న చూచిన కణాన్నే నేడు మరల చూపుట రెండవ పని. ఇది మొదటి దానికన్న కష్టమైనది. తెలుగులో సూక్ష్మదర్శిని అన్నా, ఉర్దూలో ఖుర్దబీన్ అన్నా అర్థం ఒకటే: చిన్నదానిని చూపునది. ఈ రెండవ పనిని సూచించే మాట ఏ పేరులోనూ లేదు. ఆ పనిని యంత్రం ఏ విధంగా నెరవేర్చుచున్నదో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

జీవి శరీరంనుండి తీసిన కణాలను తగిన పోషక ద్రవంలో ఉంచి, శరీరం వెలుపలనే పెంచుటను కణ వర్ధనం అంటారు. మానవ కణాలకు 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డై ఆక్సైడు కలిసిన గాలి, తగినంత తేమ కావలెను. 1977లో హైదరాబాదులో ప్రారంభమైన సి.సి.ఎం.బి. వంటి పరిశోధనాలయాలలో ఇది నిత్యకృత్యం. వైద్యానికి కూడ ఇది అక్కరకు వచ్చినది. సున్నమో, ఆమ్లమో పడి ఒక కంటి పైపొర చెడిన రోగులకు, రెండవ కంటి అంచునుండి చిన్న ముక్క తీసి, అందలి కణాలను పొరగా పెంచి, చెడిన కంటిపై అమర్చే చికిత్సను 2001లో హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో మొదలుపెట్టినారు. 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 200 మందిలో 142 మందికి ఆ పొర స్థిరంగా నిలిచినది.

మన ప్రాంతపు చెరకునకు కూడ దీనితో సంబంధం కలదు. చెరకును విత్తనాలతో గాక ముచ్చెలతో నాటుతాము కనుక, తల్లి గడలోని తెగులు పిల్ల మొక్కకు వచ్చుచున్నది. చెరకు కణజాలాన్ని వర్ధనం చేసి దానినుండి పూర్తి మొక్కలను పెంచవచ్చునని హవాయి శాస్త్రజ్ఞులు 1969లో ప్రకటించినారు. బోధన్ సమీపాన రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానం ఉన్నది గనుక ముచ్చెల ఆరోగ్యమనే విషయం ఇచ్చటి రైతులకు క్రొత్తది కాదు.

ఇక అసలు విషయానికి వద్దాము. కణం విభజన చెందినదా, కదలినదా, మందుకు లొంగి చనిపోయినదా అని తెలియవలెనంటే ఒకే కణాన్ని గంటల తరబడి గమనింపవలెను. ప్రయోగశాలలో వాడే ఒక సామాన్య పళ్ళెంలో 96 చిన్న గుంటలు ఉంటాయి. ఒక గుంట నడిమినుండి ప్రక్క గుంట నడిమికి దూరం 9 మిల్లీమీటర్లు. ఒక్కొక్క గుంట వద్ద 5 సెకన్లు ఆగి చిత్రం తీసినచో, మొత్తం చుట్టి వచ్చుటకు 8 నిమిషాలు పట్టును. పది నిమిషాల కొకమారు ఈ ప్రదక్షిణం చేసినచో ఒక దినంలో 144 మార్లు తిరుగవలెను. చిత్రాల సంఖ్య 13,824 అగును. మనిషి చేయదగిన పని కాదిది. అందువలన పళ్ళెం ఉంచే వేదికను మోటార్లతో నడుపుతారు.

ఇంటర్మీడియెట్ ప్రయోగశాలలో స్క్రూ గేజిని వాడిన విద్యార్థికి ఈ యంత్ర రహస్యం సగం తెలిసినట్లే. స్క్రూ గేజి మర ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు జరుగును. దాని తలను 100 భాగాలు చేసినందున మిల్లీమీటరులో నూరవ వంతును, అనగా 10 మైక్రాన్లను కొలువగలము. వర్ధనంలోని కణం ఇంచుమించు 10 నుండి 20 మైక్రాన్ల వెడల్పుండును. వేదికలోనూ ఇట్టి మరనే స్టెప్పర్ మోటారు త్రిప్పును. ఈ మోటారు సాధారణంగా ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగును. మర దూరం 1 మిల్లీమీటరైనచో ఒక్కొక్క అడుగుకు వేదిక 5 మైక్రాన్లు జరుగును. విద్యుత్ ప్రవాహాన్ని నేర్పుగా పంచి ప్రతి అడుగును మరింత చిన్న భాగాలుగా కూడ చేయవచ్చును.

లెక్క ఇంత సులభమైనను ఆచరణలో మూడు చిక్కులు ఎదురగుచున్నవి.

మొదటిది మరకును దాని గింజకును మధ్యనుండే ఖాళీ. లేత్ పనివారు దీనిని ‘ప్లే’ అంటారు. 1937లో నెలకొల్పబడి 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వంటి కర్మాగారాలలో పనిచేసిన మెకానిక్కులకు ఇది చిరపరిచితం. దిశ మార్చినపుడు మర కొంత తిరిగినను వేదిక కదలదు. దీనికి విరుగుడు ప్రతి స్థానాన్నీ ఎల్లప్పుడు ఒకే దిక్కునుండి చేరుట. వేదికకు సన్నని గీతలున్న కొలబద్దను అతికించి, మోటారు ఎన్ని అడుగులు వేసినదని గాక, వేదిక నిజంగా ఎచ్చట ఉన్నదని చదువుట ఇంకను మేలైన పద్ధతి.

రెండవది వేడి. 10 సెంటీమీటర్ల అల్యూమినియం ఒక్క డిగ్రీ వేడెక్కినచో 2.3 మైక్రాన్లు సాగును. ప్రక్కకు ఇంత జరిగిన నష్టం స్వల్పమే. కాని శక్తిమంతమైన కటకం క్రింద స్పష్టంగా కనిపించే లోతు ఒకటి రెండు మైక్రాన్లే గనుక, ఎత్తులో ఇంత తేడా వచ్చిన బొమ్మ మసకబారును. అందుచేత ప్రయోగానికి గంటల ముందే యంత్రాన్ని 37 డిగ్రీల వద్ద నిలుపుతారు. అటుపిమ్మట యంత్రం వేర్వేరు ఎత్తులలో చిత్రాలు తీసి మిక్కిలి స్పష్టమైన దానిని ఎన్నుకొనును. లేదా పళ్ళెం అడుగునుండి పరావర్తనం చెందే పరారుణ కాంతితో దూరాన్ని సరిచూచుకొనును.

మూడవది వేగం. నిండుకుండ తొణకదని సామెత. కాని పళ్ళెంలోని ద్రవం తప్పక తొణకును. అందువలన వేదిక మెల్లగా బయలుదేరి, మెల్లగా ఆగవలెను. ఆగిన పిదప క్షణకాలం నిలిచి చిత్రం తీయవలెను.

ఇంత శ్రమ ఎందుకని పాఠకులు ప్రశ్నింపవచ్చును. కణాలు తమంతట తామే ప్రాకుచుండును. వేదిక 20 మైక్రాన్లు తప్పినచో చిత్రంలో ప్రతి కణమూ 20 మైక్రాన్లు నడచినట్లే కనిపించును. మరింత తప్పినచో ప్రక్క కణాన్ని మొదటి కణమని భ్రమపడుదుము. చనిపోయిన కణం బ్రతికినదనిపించును; పనిచేయని మందు పనిచేసినదనిపించును. యంత్రం చేసిన తప్పు కణం నెత్తిన పడుచున్నదన్నమాట. ఆ తప్పు చివరకు రోగిదాకా పోగలదు.

ఇట్టి వేదికలు ఖరీదైనవి. అయినను దారి పూర్తిగా మూసుకొని లేదు. ఇంగ్లండులో రూపొందించిన ఓపెన్ ఫ్లెక్షర్ అను సూక్ష్మదర్శిని నమూనాను ఎవరైనను ఉచితంగా తీసుకొనవచ్చును. దాని భాగాలను త్రీడీ ప్రింటరుపై ప్లాస్టిక్కుతో తయారు చేస్తారు. వేదిక జారుటకు బదులు ప్లాస్టిక్ కమ్ములు వంగుటవలన కదలును. టాంజానియాలో కూడ దీనిని నిర్మించినారు. లేత్ పని, మోటారు పని తెలిసిన చేతులు నిజామాబాదు, బోధన్ పట్టణాలలో కొరత కాదు; వాటిని ప్రయోగశాలతో కలుపుటే కావలసినది.

విద్యార్థి మిత్రులకు ఒక సూచన. ఈ మారు స్క్రూ గేజిని పట్టినపుడు మర తలపై ఒక గీతను గుర్తుంచుకొని, ముందుకు త్రిప్పుచు ఆ గీత వద్ద ఆపి మరమొన ఎచ్చట నిలిచినదో చూడండి. పిమ్మట గీతను దాటిపోయి, వెనుకకు త్రిప్పి మరల అదే గీత వద్ద ఆపండి. మొన నిలిచిన చోటులో తేడా వచ్చినచో, ఆ తేడాను 10 మైక్రాన్ల కణంతో పోల్చి చూడండి. కొలిచే సాధనాన్ని ముందుగా కొలుచుట విజ్ఞాన శాస్త్రంలో మొదటి పాఠం.