తలసేమియా: జన్యువులో ఒక్క అక్షరం తేడా

పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న బిడ్డ ఆరేడు నెలలకు పాలిపోతుంది. పాలు సరిగా తాగదు, ఎదుగుదల తగ్గుతుంది, పొట్ట ఉబ్బుతుంది. "దిష్టి తగిలింది", "తల్లి పాలలో బలం లేదు" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కొందరు ఐరన్ టానిక్ తెచ్చి పోస్తారు. ఈ లక్షణాలకు తలసేమియా ఒక కారణం కావచ్చు. ఇది తల్లి తప్పు వల్ల గాని, తిండి లోపం వల్ల గాని వచ్చే జబ్బు కాదు. పుట్టుకతోనే జన్యువులో ఉండే తేడా వల్ల వస్తుంది.

కణం లోపల జరిగేది ఏమిటి?

మన కణాల్లో సుమారు 20,000 జన్యువులు ఉంటాయి. ఒక్క కణంలోని డి.ఎన్.ఎ.ను సాగదీస్తే దాదాపు 2 మీటర్లు ఉంటుంది. అది కండెకు నూలు చుట్టినట్లు ప్రోటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. గట్టిగా చుట్టుకున్న చోట జన్యువు మూసుకొని ఉంటుంది, వదులైన చోట తెరుచుకొని పనిచేస్తుంది. ధర్మవరం మగ్గం మీద ఏ అట్టలు ఎక్కిస్తే ఆ డిజైనే పడుతుంది కదా! అలాగే ఏ జన్యువులు తెరుచుకుంటే కణం ఆ పనే చేస్తుంది.

తెరుచుకున్న జన్యువు నుంచి కణం ఆర్.ఎన్.ఎ. అనే నకలు తీసుకుంటుంది. ఆ నకలులో ప్రోటీను తయారీకి అక్కరలేని భాగాలు కూడా ఉంటాయి. కణం వాటిని కత్తిరించి, కావలసిన ముక్కలను అతుకుతుంది. ఈ సంగతి 1977లో బయటపడింది. దీనిని కనుగొన్న రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది.

తేడా ఎక్కడ వస్తుంది?

రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ తయారీకి బీటా గ్లోబిన్ జన్యువు కావాలి. మన దేశంలో బీటా తలసేమియాకు ఎక్కువగా కనిపించే కారణం ఆ జన్యువులో కత్తిరించి తీసేయవలసిన మొదటి భాగంలో ఉంది. అక్కడ అయిదో అక్షరం 'జి' ఉండవలసిన చోట 'సి' ఉంటుంది. ఎక్కడ కత్తిరించాలో చెప్పే గుర్తు అలా చెడిపోతుంది. కణం ఎక్కువసార్లు తప్పు చోట కత్తిరిస్తుంది. సరైన నకలు కొద్దిగానే మిగులుతుంది, రక్తం చాలదు.

మరి పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఎందుకు ఉంటుంది? గర్భంలో వేరే జన్యువు నుంచి పసి హీమోగ్లోబిన్ తయారవుతుంది. పుట్టిన కొన్ని నెలలకు ఆ జన్యువు మూతపడుతుంది. అప్పుడే లోపం బయటపడుతుంది.

తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉన్నారు కదా?

ప్రతి ఒక్కరిలో ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి బాగుంటే మనిషి మామూలుగానే ఉంటాడు. అయితే అతడు జబ్బు వాహకుడు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఆడబిడ్డ, మగబిడ్డ తేడా లేదు. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత నుంచి ఆ జన్యువు వచ్చే వీలు ఎక్కువ. కాబట్టి కోడలినొక్కదాన్నే నిందించడం న్యాయం కాదు.

మీరు చేయవలసినవి

1. పరీక్ష చేయించకుండా ఐరన్ టానిక్ పోయకండి. తలసేమియా ఉన్న బిడ్డ ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుపోతుంటుంది.

2. తీవ్రమైన తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. దానివల్ల గుండెలో, కాలేయంలో చేరే ఇనుమును తీసే మందులు మానకుండా వాడాలి.

3. కణజాలం సరిపోయిన తోబుట్టువు ఉంటే ఎముక మూలుగ మార్పిడి గురించి డాక్టరుగారిని అడగండి.

4. హెచ్.పి.ఎల్.సి. అనే రక్త పరీక్షతో వాహకులెవరో తెలుస్తుంది. పెళ్లికి ముందు, లేదా గర్భం వచ్చిన తొలి వారాల్లోనే చేయించుకోండి. బిడ్డకు జబ్బు ఉన్న ఇంట్లో పెద్దనాన్న, చిన్నాన్న, మేనమామ, పిన్ని పిల్లలకు కూడా ఇది అవసరం.

5. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా కూడా ఉంది. సర్టిఫికెట్ గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి. హైదరాబాదులో 1998లో ఏర్పడిన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లల కోసం పనిచేస్తోంది.

కొత్త ఆశ

2023లో బ్రిటన్ కాస్జెవీ అనే చికిత్సను ఆమోదించింది. పసి హీమోగ్లోబిన్‌ను మూయించే మీటను ఇందులో రోగి సొంత రక్త మూలకణాల్లోనే పనిచేయకుండా చేస్తారు. దాంతో పాత జన్యువు మళ్లీ తెరుచుకుంటుంది. దీని ఖర్చు సామాన్యులకు అందనిది. అయినా ఈ రోజు మన చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. వేళకు రక్తం, మానకుండా మందులు, వీటితో బిడ్డ బడికి వెళ్లి చదువుకొని పెద్దవాడవుతాడు. ఒక్క రక్త పరీక్ష తర్వాతి బిడ్డ విషయంలో మీకు ముందుగానే దారి చూపుతుంది.