సెలవుల వేళ చేతిపనుల పండుగ

పాఠశాలలకు సెలవులు ప్రకటించిన నాటి నుండి పిల్లలకు పండుగ, పెద్దలకు పరీక్ష. పుస్తకాల సంచి మూలకు చేరిన రెండవ నాటికే "ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న ఇల్లంతా వినిపించసాగుతుంది. టెలివిజన్ కొంతసేపు, సెల్‌ఫోన్ మరికొంతసేపు ఆ ప్రశ్నను అణచి ఉంచగలవే గాని, దానికి సమాధానం చెప్పజాలవు.

ప్రభుత్వరంగ సంస్థలలో పనిచేసే మనవంటి వారి ఇళ్ళలో ఈ ప్రశ్నకు మరొక ముఖం కూడా ఉన్నది. రాత్రి షిఫ్టు ముగించుకొని తండ్రి నిద్రకు ఉపక్రమించే వేళకు పిల్లలు నిద్ర లేస్తారు. సాయంకాలం వారు ఆటకు బయలుదేరే వేళకు ఆయన మళ్ళీ డ్యూటీకి సిద్ధమవుతుంటారు. దీనికి తోడు బదిలీలు. ఒక రాష్ట్రంలో అక్షరాభ్యాసం, మరొక రాష్ట్రంలో ప్రాథమిక విద్య, ఇంకొక రాష్ట్రంలో ఉన్నత పాఠశాల. ఇలా పెరిగిన పిల్లలు నాలుగు భాషలు నేర్చుకొంటారు, నలుగురిలో మెలగడం నేర్చుకొంటారు. అది సంతోషించదగిన విషయమే. కాని సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె పలికే మాటలలో సగం వారికి అర్థం కావు. ఆమెకూ వారికీ మధ్య మాటలు త్వరగా తరిగిపోతాయి.

సొంత ఊరిని లారీకెక్కించి సామానుతో పాటు వెంట తీసుకొని పోలేము. అయితే ఆ ఊరి ఋతువులను, ఆ ఋతువులలో పెద్దలు చేసి ఇచ్చిన ఆటవస్తువులను మాత్రం ఏ టౌన్‌షిప్పుకైనా తీసుకొని పోవచ్చును. వాటితో పాటు మాటలూ వస్తాయి. మట్టి పిసికిన పిల్లవానికి "పిసకడం" అన్న మాటను, ముడి వేసిన పిల్లకు "ముడి" అన్న మాటను వేరుగా నేర్పనక్కరలేదు. ఈ ఉద్దేశంతో, సంవత్సరం పొడుగునా సెలవులలో పిల్లలతో కలిసి చేయదగిన కొన్ని సులభమైన చేతిపనులను, ఆటలను ఇక్కడ వరుసగా చెప్పుకొందాం.

వేసవి: తాటికాయ బండి

ఎండలు ముదిరే కొద్దీ కోస్తా జిల్లాలలోను, తెలంగాణ పల్లెలలోను తాటిముంజలు బజారుకు వస్తాయి. ముంజలు తిన్న తరువాత మిగిలే ఖాళీ కాయలే పిల్లలకు అసలు నిధి. రెండు కాయలను తీసుకొని, మూరెడు పొడవున్న గట్టి పుల్లను ఇరుసుగా చేసి, దాని రెండు కొసలను కాయల నడిమి పీచులోకి గుచ్చాలి. కొస వద్ద రెండుగా చీలిన పొడవాటి పంగలకర్రను ఆ ఇరుసుకు ఆనించి ముందుకు నెడితే బండి కదులుతుంది. ఇందులో మేకు లేదు, జిగురు లేదు. కొనవలసింది ముంజలు మాత్రమే, అవి కడుపులోకి పోనే పోయాయి!

బండి తిన్నగా పోకుండా ఒక ప్రక్కకే లాగుతున్నదంటే రెండు కాయలు సమానంగా లేవన్నమాట. ఎందుకలా జరిగిందో పిల్లలనే కనిపెట్టనివ్వాలి. చక్రం, ఇరుసు, పరిధి అన్న మాటలు పాఠ్యపుస్తకంలో ఎదురైన నాడు వారికి అవి పాత స్నేహితులవలె కనిపిస్తాయి.

తాటాకుతో మరొక వినోదం గాలిమర. రెండు ఆకు ముక్కలను ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, ముల్లును ఒక పుల్లకు అమర్చి గాలికి ఎదురుగా పరుగెత్తితే అది గిరగిర తిరుగుతుంది. ముల్లు గుచ్చే పని పెద్దలదే. కొబ్బరాకును చుట్టగా చుట్టి బూర చేయవచ్చును, అల్లి చేతి గడియారం కట్టవచ్చును. ఒకప్పుడు మన కావ్యాలన్నీ గంటంతో ఇటువంటి తాటాకుల మీదనే వ్రాశారని ఈ సందర్భంలోనే చెప్పవచ్చును. ఎండిన ఆకుపై మొనదేలిన పుల్లతో తన పేరు గీసి, ఆ గీతలలో కాస్త మసి రుద్ది తుడిచి చూసుకొన్న పిల్లవానికి ఆ మాట ఎన్నటికీ మరపునకు రాదు.

మిట్టమధ్యాహ్నం: చింతగింజల ఆటలు

తాటిచెట్టు లేని ఊళ్ళున్నాయి గాని చింతపండు లేని తెలుగు వంటిల్లు లేదు. పండు పిసికిన తరువాత పారవేసే గింజలను కడిగి ఎండబెట్టుకొంటే, వడగాలికి తలుపులు మూసుకొన్న మధ్యాహ్నాలకు కావలసినన్ని ఆటలు దొరుకుతాయి.

నాలుగు గింజలను ఒక ప్రక్క గచ్చు మీద తెల్లబడేదాకా అరగదీస్తే అష్టాచెమ్మాకు పందెపు గింజలు సిద్ధం. నేలపై సుద్దముక్కతో అయిదేసి గడుల వరుసలు అయిదు గీయాలి. నాలుగు గింజలూ తెల్లగా పడితే చెమ్మ, అనగా నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్ట, అనగా ఎనిమిది. వామనగుంటలకు ఏడేసి గుంటల వరుసలు రెండు కావాలి. చెక్కపీట దొరకనిచోట పదునాలుగు చిన్న గిన్నెలు చాలును. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు. బలం ఒకవైపు, సంఖ్య మరొకవైపు. మేకలు ఒకదానికొకటి అండగా నిలిస్తే పులులు కదలలేక చిక్కుబడిపోతాయి. నీతిబోధ లేకుండానే పిల్లలు గ్రహించే నీతి ఇది.

ప్రక్క క్వార్టరులోని తమిళ కుటుంబాన్ని అడిగి చూడండి. వామనగుంటలను వారు పల్లాంగుళి అంటారు. కన్నడిగులు అళిగుళిమణె అంటారు. ఒక్క పీట చుట్టూ మూడు భాషల పిల్లలు కూర్చొని ఆడుకోవచ్చును. ఆడలేని పసివారిని కూడా ఆటలో అరటిపండుగా చేర్చుకోవాలి సుమా!

వినాయక చవితి: చేతిలో మట్టి

తొలకరికి పాత దినపత్రికలతో కాగితపు పడవలు ఉండనే ఉన్నాయి. వానలు ముదిరి భాద్రపదం వచ్చేసరికి అసలైన చేతిపని వస్తుంది.

బంకమట్టిని తెచ్చి, రాళ్ళు, వేళ్ళు ఏరి, రాత్రంతా నానబెట్టి, ఉదయం చపాతి పిండివలె మెత్తగా పిసకాలి. ముందుగా పీట, దానిపై పెద్ద ముద్దతో బొజ్జ, ఆపైన తల, తరువాత తొండం, చెవులు, చేతులు. ముద్దకు ముద్ద అతికే చోట రెండింటినీ పుల్లతో గీకి, పల్చటి మట్టినీరు పూస్తేనే అతుకు నిలుస్తుంది. బొమ్మను నీడనే ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైభాగం ముందుగా ఆరి బీటలు వారుతుంది. కన్నులకు గురివింద గింజలు పెట్టడం కొన్ని ఇళ్ళలో ఆనవాయితీ. కాని గురివింద గింజ నమిలితే ప్రాణాంతకమైన విషం. పసిపిల్లలున్న ఇంట మిరియపు గింజలు వాడుకోవడం శ్రేయస్కరం.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెత మనకున్నది. అయినా సరే, ఆ కోతినే పీటపై కూర్చోబెట్టి పూజించండి. పిల్లలు నిద్రపోయిన తరువాత తొండం సరిదిద్దాలన్న కోరికను పెద్దలు తప్పక జయించాలి. మరునాడు ఆ తొండం తనది కాదని పిల్లవాడు ఇట్టే కనిపెడతాడు.

నిమజ్జనానికి దూరం పోనక్కరలేదు. బకెట్టులో నీటిలో కరగనిచ్చి, ఆ మట్టిని పూలకుండీలో పోయవచ్చును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు కూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో పేర్కొన్నది. మన పిల్లలు చేసిన బొమ్మకు ఆ చిక్కే లేదు.

పూజకు కావలసిన 21 రకాల పత్రి సేకరణ మరొక చక్కని విహారం. మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, దానిమ్మ, మరువం, వావిలి, జాజి, జమ్మి, రావి, మద్ది... టౌన్‌షిప్పు పచ్చికలోనే వీటిలో ఎన్నో దొరుకుతాయి. ఒక్కొక్క ఆకును పాత నోటుపుస్తకంలో పెట్టి ఆరనిచ్చి, క్రింద పేరు వ్రాయిస్తే ఆకుల పుస్తకం తయారవుతుంది. ఒక్క జాగ్రత్త. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఈ పత్రిలోనివే. అవి విషపు మొక్కలు. జిల్లేడు పాలు కంటికి కూడా హాని చేస్తాయి. వాటిని పెద్దలే కోయాలి, పని అయిన తరువాత అందరూ చేతులు కడుగుకోవాలి.

దసరా: పూలు, బొమ్మలు

తెలంగాణలో భాద్రపద అమావాస్యతో ఆరంభమై తొమ్మిది రోజులు సాగే బతుకమ్మను 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. పళ్ళెంలో తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలను వలయాలుగా పేర్చుతూ, పైకి పోయే కొద్దీ వలయాన్ని చిన్నది చేస్తూ గోపురంవలె తీర్చడమే ఇందులోని పనితనం. లోపలి ఖాళీని ఆకులతో కూరకపోతే నాలుగవ వరుసకే కూలిపోతుంది. తెల్లని గునుగు పూలకు రంగులద్దే పని పిల్లలకు ఎంతో ప్రియమైనది. తంగేడు దొరకని రాష్ట్రాలలో ఉన్నవారు ఏ పూలు దొరికితే ఆ పూలతోనే పేర్చుకోవచ్చును.

ఆంధ్ర ప్రాంతంలో బొమ్మల కొలువు కొందరు దసరాకు, కొందరు సంక్రాంతికి పెడతారు. బేసి సంఖ్యలో మెట్లు కట్టాలన్నది నియమం. ట్రంకు పెట్టెలు, పుస్తకాలు పేర్చి పైన తెల్లని దుప్పటి పరిస్తే మెట్లు సిద్ధం. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మ, అంకుడు కర్రకు లక్క రంగులద్దిన ఏటికొప్పాక బొమ్మ ఒక్కటైనా పై మెట్టున ఉండడం అందం. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. క్రింది మెట్టును మాత్రం పూర్తిగా పిల్లలకు వదలివేయండి. అగ్గిపెట్టెల రైలు, మెంతులు చల్లిన పచ్చని పొలం, తండ్రి పనిచేసే కర్మాగారం నమూనా, వారి ఇష్టం. అట్టముక్కతో చిమ్నీ నిలబెట్టడానికి కొడుకు సలహా అడిగిన నాడు, నాన్న చేసే ఉద్యోగమేమిటో ఆ ఇంట మొదటిసారి చర్చకు వస్తుంది.

సంక్రాంతి: ముగ్గు, గాలిపటం

చుక్కల ముగ్గు కంటె చక్కని లెక్కల పాఠం లేదు. ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క అన్న ముగ్గులో నడుమ వరుసకు 7 చుక్కలు, ఇరువైపులా 6, 5, 4. మొత్తం 37. పెట్టకముందే ఎన్ని చుక్కలు వస్తాయో చెప్పమని పందెం కట్టవచ్చును. ఒక్క చుక్క తప్పితే గీత కలవదు. బియ్యపు పిండితో వేస్తే చీమలకూ విందు.

ఇక గాలిపటం. చతురస్రంగా కత్తిరించిన పల్చని కాగితం, రెండు సన్నని వెదురు పుల్లలు, ఉడికించిన మైదా జిగురు చాలును. ఒక పుల్లను మూల నుండి మూలకు నిలువుగా, మరొక దానిని విల్లువలె వంచి అడ్డంగా అంటించాలి. పుల్లలు కలిసే చోట ఒక ముడి, నిలువు పుల్ల క్రింది భాగాన మరొక ముడి వేసి, ఆ రెండింటినీ కలిపిన దారానికి అసలు దారం కట్టాలి. పటం తలక్రిందులుగా తిరుగుతుంటే తోక కొంచెం పెంచి చూడాలి. దారం నూలుదే కావాలి. మెడలను, పక్షుల రెక్కలను కోసే నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. విద్యుత్ తీగలున్న చోట ఎగురవేయరాదనీ, తీగలపై చిక్కిన పటం కోసం ప్రయత్నించరాదనీ పిల్లలకు గట్టిగా చెప్పాలి.

పెద్దలకు నాలుగు మాటలు

ఈ పనులకు ఖర్చు స్వల్పం. కావలసిందల్లా కాలం. దినమంతా తీరిక చేసుకోనక్కరలేదు. షిఫ్టు ఏదైనా వారానికి రెండు పర్యాయాలు, ఒక్కొక్క గంట చాలును. ఆ గంట ఏనాటిదో ముందే చెప్పి, గోడ క్యాలెండరుపై పిల్లల చేతనే గుర్తు పెట్టించండి. ఆ గంటలో సెల్‌ఫోన్ బీరువాలో ఉండుగాక.

ఊరి నుండి వచ్చిన తాతయ్యకు, నాయనమ్మకు మంచి కుర్చీ వేసి టెలివిజన్ ముందు కూర్చోబెట్టడమే మర్యాద అని మనం భావిస్తున్నాం. వారికి ఒక తాటాకునో, గుప్పెడు చింతగింజలనో అందించి, ప్రక్కన మనవలను కూర్చోబెట్టి చూడండి. వారి వ్రేళ్ళకు తెలిసినవన్నీ ఏ పుస్తకంలోనూ వ్రాసి లేవు. ఆ వ్రేళ్ళ నుండి ఈ వ్రేళ్ళకు అందితేనే అవి నిలుస్తాయి. నడుమ ఉన్న మన తరం ఆ రెండు చేతులనూ కలపకపోతే, తరువాత కలపడానికి ఎవరూ మిగలరు.

తాటికాయ బండి కొద్ది రోజులకే ఎండి వదులైపోతుంది. మట్టి వినాయకుడు నీటిలో కరుగుతాడు, ముగ్గు మరునాటికి చెరిగిపోతుంది. బదిలీ ఉత్తర్వు వచ్చిన నాడు వీటిలో ఏదీ సామానుగా కట్టుకోనక్కరలేదు. వాటిని చేయడం తెలిసిన చిన్న చేతులు మాత్రం మనతో పాటే క్రొత్త ఊరు చేరుకొంటాయి. రానున్న సెలవులకు ఈ పనులలో ఒక్కదానినైనా ఎంచుకొని, పిల్లలతో కలిసి ఆరంభిద్దాం.