బండికి కాలు కాదు, కాలికి బండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం ధర్నా గురించి కాదు, మీటింగు గురించి కాదు. మీ ఎడమ కాలి గురించి మాట్లాడదాం. బైకు గేరు మార్చే కాలు.

నవ్వకండి. ఆ కాలితో నేను రెండేళ్లు బాధ పడ్డాను. కరపత్రాల సంచీ వేసుకుని ఉప్పాడ, కాకినాడ, పిఠాపురం తిరిగే మనిషిని నేను. సెకండ్ హ్యాండ్‌లో ఒక స్ప్లెండర్ కొన్నాను. నాలుగు నెలలకి ఎడమ చీలమండ పీకడం మొదలెట్టింది. తర్వాత మోకాలు. నలభై దాటేసింది గదా, వయసు అనుకున్నాను. మందుల షాపులో బిళ్లలు కొన్నాను, జండూబామ్ రాశాను, వేడినీళ్లు కాపాను. బండి వంక మాత్రం చూడలేదు.

ఓ రోజు పొద్దున్నే మా చిన్నమ్మని చేపల గంపతో వెనకాల ఎక్కించుకుని బీచ్ రోడ్డులో వెళ్తున్నాను. ఆ రోడ్డు సంగతి మీకు తెలిసిందే. సముద్రం పొంగినప్పుడల్లా ఓ ముక్క కోసుకుపోతుంది, మిగిలిన దాని మీద ఇసక పోసిపోతుంది. ముందు వల వేసుకెళ్తున్న ఆటో ఠక్కున ఆగింది. గేరు తగ్గిద్దామని మడమతో వెనక పెడలు తొక్కాను. చెప్పు అంచు ఫుట్‌రెస్టుకి తగిలి ఆగిపోయింది. గేరు పడలేదు. బండి నాలుగో గేరులోనే గింజుకుని ఆగి, ఇసకలో పక్కకి ఒరిగిపోయింది. చిన్నమ్మ మోచెయ్యి చీరుకుపోయింది. ఆ రోజు సరుకంతా రోడ్డు పాలు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

బండి తోసుకుంటూ మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను.

"ఏరా, కుంటుతున్నావేంటి?" అన్నాడు.

"కాలు నొప్పి బాబాయ్, ఎప్పట్నించో ఉంది."

ఆయన నా కాలు చూళ్లేదు. బండి మీద కూర్చోమన్నాడు. వంగి గేరు రాడ్డు వంక చూశాడు. "ఇది ఎవరి దగ్గర కొన్నావు? ఆయన బూట్లేసుకునేవాడా?"

"ఆయ్, కంపెనీలో పనిచేసేవాడు."

"అదీ సంగతి. ఇది ఆయన బూటుకి పెట్టుకున్న గేరురా. నీ చెప్పుకి కాదు."

పది నెంబరు స్పానర్ తీశాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. రెండు వారాల్లో నా చీలమండ నొప్పి పోయింది. అందరి నొప్పీ ఇలాగే పోతుందని చెప్పను. నాది మాత్రం బండి పెట్టిన నొప్పి.

ఆయన చేసిందేంటో చెబుతాను. గేరు పెడలు ఇంజన్ లోంచి వచ్చే షాఫ్టు మీద కూర్చుంటుంది. ఆ షాఫ్టుకి చుట్టూ సన్నటి పళ్లుంటాయి, పెడలు లోపల కూడా అలాంటి పళ్లే. ఒక్క బోల్టు రెంటినీ కలిపి బిగించి పట్టుకుంటుంది. బోల్టు తీసి, పెడలు బయటికి లాగి, ఒక్క పన్ను పైకో కిందకో తిప్పి మళ్లీ తొడగొచ్చు. అంతే. ఒక పన్ను అంటే షాఫ్టు దగ్గర వెంట్రుకవాసి, కాలి వేళ్ల దగ్గరికొచ్చేసరికి బాగా తేడా.

మన ఊళ్లలో తిరిగే బళ్లకి చాలా వాటికి పెడలు రెండు వైపులా ఉంటుంది, ముందు వేళ్లకి, వెనక మడమకి. అది తక్కెడ లాంటిది. ముందు లేస్తే వెనక దిగుతుంది. నా పాత ఓనరు బూటు కింద దూర్చి ఎత్తడానికి ముందు భాగం లేపుకున్నాడు. దాంతో వెనక భాగం ఫుట్‌రెస్టు దగ్గరికి దిగిపోయింది. నేను గేరు పెంచాలంటే పాదమంతా ఎత్తాలి, అది చీలమండ నొప్పి. తగ్గించాలంటే మడమకి చోటు లేదు, అది చిన్నమ్మ మోచెయ్యి.

మీరు ఇలా చూసుకోండి. బండి మెయిన్ స్టాండ్ వేసి, రోజూ వేసుకునే చెప్పులతోనే కూర్చోండి. పాదం ఫుట్‌రెస్టు మీద మామూలుగా పెట్టండి. పాదం ఎత్తకుండా, చీలమండ కాస్త కదిపితే చాలు పెడలు అందాలి. వెనక మడమ పెడలు పూర్తిగా కిందకి దిగినా ఫుట్‌రెస్టుకీ స్టాండుకీ తగలకూడదు. ఇంజన్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడండి. ఆ తర్వాతే ఖాళీ రోడ్డు మీద మెల్లగా.

కొన్ని జాగ్రత్తలు. బోల్టు వదులు చేసి లాగెయ్యకండి, పూర్తిగా బయటికి తియ్యండి. చాలా బళ్లలో అది షాఫ్టు గాడిలో కూర్చుని ఉంటుంది. మన ఉప్పుగాలికి తుప్పు పట్టి రాకపోతే నూనె వేసి ఓ పూట ఆగండి. సుత్తితో కొడితే షాఫ్టు వంగుతుంది, సీలు పోయి ఆయిలు కారుతుంది. తొడిగేటప్పుడు కాస్త గ్రీజు రాయండి. పళ్లు అరిగి పెడలు జారుతుంటే కొత్త పెడలు వేయించండి. వెల్డింగు కొట్టించారో, రేపు ఆ పక్క కవరు విప్పాలంటే కోసుకోవాల్సిందే. కొన్ని బళ్లకి షాఫ్టుకీ పెడలుకీ మధ్య సన్న రాడ్డు ఉంటుంది. దానికి రెండు చివర్లా ఉన్న నట్లు వదులు చేసి రాడ్డు తిప్పితే ఎత్తు మారుతుంది.

కుడికాలినీ మర్చిపోకండి. డ్రమ్ము బ్రేకు అయితే వెనక చక్రం దగ్గర నట్టు బిగిస్తే పెడలు ఆట తగ్గుతుంది. చాలా మామూలు బళ్లకి రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే పాటించండి. బిగించాక చక్రం ఫ్రీగా తిరగాలి, బ్రేకు లైటు వెలగాలి. వెనక డిస్కు ఉంటే మాత్రం మెకానిక్‌కే వదిలెయ్యండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గేరు గట్టిగా పడుతుంటే క్లచ్ కేబులు చూడండి. క్లచ్ పూర్తిగా వదలకపోతే ఏ కాలూ గేరు సుఖంగా వెయ్యలేదు.

గేరు ఎడమ పక్కే ఉండాలని దేవుడేం రాయలేదు. మన బుల్లెట్‌కి చాలా ఏళ్లు గేరు కుడి పక్కనే ఉండేది. మైసూరులో తయారైన యెజ్డీకి గేరు రాడ్డే కిక్ రాడ్డు. ఎడమ గేరు, కుడి బ్రేకు అని అమెరికా 1974లో రూలు పెట్టాక మిగతా కంపెనీలూ ఆ దారిలోకొచ్చాయి. అంటే మనుషులు కూర్చుని తేల్చుకున్న సంగతే ఇది. అలాంటప్పుడు ఒక పన్ను మనం జరుపుకుంటే తప్పేంటి?

ఉప్పాడలో జాందానీ నేసే గుంట మగ్గం చూడండి. కిందున్న చెక్కల్ని కాళ్లతో తొక్కాలి. కూర్చున్న మనిషి కాలికి అందకపోతే తాడు సరిచేసుకుంటాడు గానీ, కాలు సాగదీసుకోడు. రోజంతా తొక్కేవాడికి ఆ మాత్రం తెలుసు. మరి రోజంతా బండి మీద తిరిగే మనకెందుకు తెలియట్లేదు? నొప్పి వస్తే ఓర్చుకోవడం మనకి చిన్నప్పట్నించీ నేర్పారు. పని సామాను మనకి సరిపోకపోతే తప్పు మన ఒంటిదే అనుకుంటాం. పొలంలో అదే, పడవలో అదే, బండి మీదా అదే.

కాకినాడలో డెలివరీకి తిరిగే తమ్ముళ్లూ, పాత బండి చేతికొచ్చిన రోజే పెడలు సరిచేయించుకోండి. నాన్న బండి మీద గేర్లు నేర్చుకుంటున్న చెల్లెళ్లూ, "నాకు రావట్లేదు" అనుకునే ముందు పెడలు ఎవరి కాలికి ఉందో చూడండి. ఊరి సెంటర్లో నలుగురూ కలిసి ఓ స్పానర్ల సెట్టు కొని పెట్టుకోండి.

చిన్నమ్మ మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. ఇప్పటికీ నా బండే ఎక్కుతుంది. ఎక్కే ముందు మాత్రం అడుగుతుంది: "గేరు పడుద్దా నాన్నా?"

"పడుద్ది చిన్నమ్మా" అంటాను.