ఒకే పిల్లవాడు, రెండు రకాల మార్కులు

చర్ల మండలం నుంచి ఒక అంగన్‌వాడీ టీచరుగారు ఉత్తరం రాశారు. వాళ్ల ఊళ్లో ఏడేళ్ల కోయ బాబుకి మాటలు రాలేదు. దివ్యాంగ సర్టిఫికెట్లో బుద్ధిమాంద్యం అని ఉంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత సెంటర్ మేడమేమో ఆటిజంలా ఉందంటున్నారు. "రెండూ ఒకటేనాండీ?"

కాదండీ. నలుగురితో కలవడంలో, మాటామంతీలో తేడా, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం ఆటిజం. ఐక్యూ సుమారు 70కి దిగువన ఉండి, రోజువారీ పనుల్లోనూ వయసుకు తగ్గ నేర్పు లేకపోతే బుద్ధిమాంద్యం. రెండూ ఒకరికే ఉండొచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఆటిజానికి విడిగా నిర్వచనం ఇచ్చింది. అంతవరకూ సులువే. ఆ 70ని ఏ పరీక్షతో కొలిచారన్న దగ్గరే అసలు కథ ఉంది.

బాగా వాడుకలో ఉన్న వెక్స్‌లర్ పరీక్షలో ప్రశ్నలు నోటితో అడుగుతారు, చాలా భాగాలకు నోటితోనే బదులు చెప్పాలి. ఫలానా చోట నువ్వయితే ఏం చేస్తావని కూడా అడుగుతారు. ఆటిజం పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే. అదే పరీక్షలో దిమ్మెలు పేర్చి బొమ్మ కట్టమంటే చాలామంది చకచకా కట్టేస్తారు. ఈ రెంటినీ కలిపి ఒకే అంకె వేయడం మానికతో గుడ్డ కొలిచినట్టే!

జాన్ రేవెన్ 1938లో వేరే పరీక్ష తెచ్చాడు. గళ్లలో బొమ్మలుంటాయి, చివరి గడి ఖాళీ. అడ్డంగా, నిలువుగా బొమ్మ ఎలా మారుతోందో పసిగట్టి, కింది ముక్కల్లో సరిపోయేది వేలితో చూపితే చాలు. మాటతో పనిలేదు. తేలికనుకోకండి, చివరి పటాలు పెద్దవాళ్లకీ చుక్కలు చూపిస్తాయి. 2007లో మాంట్రియల్ పరిశోధకులు మిషెల్ డాసన్ (ఆవిడకీ ఆటిజం ఉంది), లారాన్ మోట్రాన్ బృందం 38 మంది ఆటిజం పిల్లలకు రెండూ పెట్టి చూసింది. వెక్స్‌లర్ లెక్కన మూడో వంతు బుద్ధిమాంద్యం కిందికి వచ్చారు. రేవెన్ లెక్కన 5 శాతమే! ఆటిజం లేని పిల్లల్లో ఇంత తేడా కనిపించలేదు.

మరి ఆటిజం ఉన్నవాళ్లలో ముప్పాతిక మందికి బుద్ధిమాంద్యమని దశాబ్దాలపాటు రాసినవాళ్ల సంగతి? 1943లో ఆటిజం ఉన్న తొలి 11 మంది పిల్లల గురించి రాసిన మానసిక వైద్యుడు కానర్ వాళ్ల తెలివిని తక్కువ చేయనేలేదు. 2006లో పరిశోధకురాలు మెరెడిత్ ఎడెల్సన్ పాత వ్యాసాలు తిరగేస్తే, ఆ మాటల్లో చాలావాటి వెనక కొలిచిన లెక్కలే లేవు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకున్నారు. అమెరికాలో 2022 నాటి లెక్కల్లో, ఐక్యూ వివరాలున్న ఎనిమిదేళ్ల ఆటిజం పిల్లల్లో 70, అంతకు తక్కువ వచ్చినవాళ్లు సుమారు 40 శాతం.

రేవెన్ ఒక్కటే చాలదు. అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, ప్రమాదం పసిగట్టడం లాంటివి తల్లిని అడిగి తెలుసుకోవాలి, అదీ కోయలో. అలా అడగగలిగే నిపుణులు భద్రాచలం చుట్టుపక్కల ఎంతమంది దొరుకుతారో టీచరుగారికే బాగా తెలుసు. సికింద్రాబాద్‌లో బుద్ధిమాంద్యం మీద పనిచేసే జాతీయ సంస్థకు వెళ్దామంటే మూడొందల కిలోమీటర్ల పైమాటే. ముందు ఆ సర్టిఫికెట్‌కి ఆధారమైన రిపోర్టులో ఏ పరీక్ష పెట్టారో, ఏ భాషలో పెట్టారో చూడండి. భాగాలవారీగా మార్కులు రాసివ్వమని కూడా అడగండి.