భిలాయ్ మట్టిలో నాణేల వేట: మైన్‌ల్యాబా, గ్యారెట్టా, నోక్టానా?

పాత నాణేల మీద మోజుతో మెటల్ డిటెక్టర్ కొనాలనుకునేవాళ్లు ముందు చేసే పని యూట్యూబ్ చూడటం. అందులో ఎక్కువగా కనిపించేవి ఇంగ్లండ్ పొలాలు. తడి మట్టి, పచ్చగడ్డి, యంత్రం ఒకసారి కూయగానే గునపం దింపితే వెండి నాణెం. అక్కడ అంత చక్కగా పనిచేసిన యంత్రాన్ని అదే నమ్మకంతో భిలాయ్‌కి తెప్పించుకుంటే మొదటి రోజే చెవులు దిబ్బళ్లు పడతాయి. ఉక్కు నగరంలో అడుగు తీసి అడుగు వేస్తే ఇనుమే మరి.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి రెండు మూడు తరాలుగా భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ నేల గురించి చెప్పక్కర్లేదు. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి మేకులు, బోల్టులు, వెల్డింగ్ రాడ్ ముక్కలు, స్లాగ్ ఈ మట్టిలో కలుస్తూనే ఉన్నాయి. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌లో చాలా భాగం సిమెంటు తయారీకి పోతుంది. ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్ అలా కాదు, అందులో అసలు ఇనుమే చిన్న చిన్న ముద్దలుగా ఉండిపోతుంది. రోడ్ల కిందా, పల్లం పూడ్చిన చోటా అది దొరికితే డిటెక్టర్‌కు ప్రతి గులకరాయీ ఒక నిధే.

ఏ బ్రాండు కొనాలన్నది తేల్చుకోవాలంటే ముందు ఈ యంత్రం ఏం వింటుందో తెలియాలి. నాణేల వేటకు వాడే డిటెక్టర్లు తక్కువ ఫ్రీక్వెన్సీ రకానివి. కాయిల్‌లో అటూ ఇటూ మారే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది భూమిలోని లోహానికి తగిలితే ఆ లోహంలో చిన్న సుడి ప్రవాహాలు పుట్టి, తిరిగి తమ క్షేత్రాన్ని పంపుతాయి. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి యంత్రం ఒక అంకె చూపిస్తుంది. వెండి, రాగి లాంటి మంచి వాహకాలకు పెద్ద అంకె, పల్చని రేకుకు చిన్న అంకె, ఇనుముకు అన్నిటికన్నా అడుగున. ‘ఇనుము వద్దు’ అని మీట నొక్కితే ఆ అడుగు అంకెలకు యంత్రం నోరు మూసుకుంటుంది. దీన్నే డిస్క్రిమినేషన్ అంటారు. అమ్మేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునే సదుపాయం ఇదే.

భిలాయ్‌లో చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. టౌన్‌షిప్ పుట్టిందే 1955 తర్వాత. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957లో. కాబట్టి సెక్టార్లలోని మైదానాల్లో, పాత సంతల దగ్గర జనం జేబుల్లోంచి జారిపడిన నాణేల్లో అత్యధికం ఆ తర్వాతివే. అవి దేనితో చేశారో చూడండి. మొదట్లో వచ్చిన పావలా, అర్ధరూపాయి, రూపాయి స్వచ్ఛమైన నికెల్. నికెల్‌ను అయస్కాంతం పట్టుకుంటుంది. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ రూపాయిని కూడా పట్టుకుంటుంది. డిటెక్టర్ దృష్టిలో ఇవన్నీ ఇనుముకు చుట్టాలే. మధ్యకాలపు కుప్రో నికెల్ నాణేల్లో 75 శాతం రాగి ఉన్నా, వాటి అంకె సీసా మూతల రేకు, డబ్బా మూతల రింగుల పక్కనే పడుతుంది. అల్యూమినియం ఒకటి, రెండు, మూడు పైసల సంగతి కూడా దాదాపు అంతే. నిఖార్సుగా పైన పలికేవి కంచు నయా పైసా, బ్రిటిష్ కాలపు రాగి కాణీలు, వెండి రూపాయి. 1939 వరకు వెండి రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది, బరువు 11.66 గ్రాములు. 1940 నుంచి వెండి సగానికి పడిపోయింది, 1947 నాటికి రూపాయి పూర్తిగా నికెల్ అయిపోయింది. తాతగారి పెట్టెలోని 1947 రూపాయి వెండిదని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫ్రిజ్‌కు అతికించే అయస్కాంతం ఒకటి తెచ్చి ఆనిస్తే తేలిపోతుంది.

అంటే ఇనుమును పూర్తిగా కట్ చేస్తే 1960ల నికెల్ రూపాయి కూడా పోతుంది, కట్ చేయకపోతే మేకులు తవ్వుతూ పొద్దుగూకుతుంది. ఈ రెంటి మధ్య మనకు ఎంత వెసులుబాటు ఇస్తుందన్నదే యంత్రాల మధ్య అసలు తేడా. పేరు ప్రతిష్ఠలు ఆ తర్వాత.

అమెరికాలోని టెక్సస్‌కు చెందిన గ్యారెట్ 1964 నుంచి ఈ రంగంలో ఉంది. విమానాశ్రయాల్లో మనల్ని తడిమే చేతి డిటెక్టర్లలోనూ ఆ పేరు కనిపిస్తుంది. దాని ఏస్ శ్రేణి తేలిక, నేర్చుకోవడం సులువు. కానీ ఏస్ 400 నడిచేది ఒక్క 10 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద. నేలకు తగ్గట్టు సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ ఫ్యాక్టరీలో పెట్టిందే, మనం మార్చలేం. ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఇది పెద్ద లోటు. ఇక్కడి రైతులు నేలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు రకాలుగా చెబుతారు. భాటా అంటే ఎర్రటి లేటరైట్ గట్టు, కన్హార్ అంటే నల్లరేగడి. లేటరైట్‌లోని ఇనుప ఖనిజం తనే ఒక లోహంలా పలుకుతుంది. అర కిలోమీటరు నడిస్తే నేల మారిపోయే చోట, ఆ నేల చప్పుడును మన చేత్తో సర్దుకునే వీలు లేకపోతే లోతుగా ఉన్న నాణెం వినపడదు. వర్షాకాలంలో ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఏస్ కాయిల్ తడిసినా ఫర్వాలేదు గానీ, పైనున్న పెట్టె తడవకూడదు. అదే కంపెనీ ఏటీ ప్రోలో ఈ రెండు లోట్లూ లేవు. అది 15 కిలోహెర్ట్జ్ యంత్రం, నీటిలో దించవచ్చు, గ్రౌండ్ బ్యాలెన్స్ సర్దుకోవచ్చు.

టర్కీ కంపెనీ నోక్టా తెచ్చిన సింప్లెక్స్ కొత్తవాళ్లకు ఎక్కువమంది చెప్పే పేరు, అందుకు కారణం ఉంది. అది 12 కిలోహెర్ట్జ్‌తో నడిచే ఒక్క ఫ్రీక్వెన్సీ యంత్రమే అయినా గ్రౌండ్ బ్యాలెన్స్ మన చేతిలో ఉంటుంది, నీళ్లకు భయపడదు. ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ 2018లో ఈక్వినాక్స్‌తో ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు పంపే పద్ధతిని మధ్యతరగతి ధరల్లోకి తెచ్చింది. ఖనిజం నిండిన నేలలో, అంకె నిలకడగా రావడంలో దీని మేలు స్పష్టంగా తెలుస్తుంది. ఇనుమును ఎంత గట్టిగా అనుమానించాలో సర్దుకునే అమరిక కూడా అందులో ఉంది. దానికి పోటీగా నోక్టా లెజెండ్ తెచ్చింది. మైన్‌ల్యాబ్‌లోనే చవకైన వాంక్విష్‌లో పలు ఫ్రీక్వెన్సీలు ఉన్నా, గ్రౌండ్ బ్యాలెన్స్ చేత్తో సర్దుకోలేం. ఫ్రాన్స్‌కు చెందిన ఎక్స్‌పీ డియస్ ఇనుప తుక్కులో ఒక చప్పుడు నుంచి ఇంకో చప్పుడుకు వేగంగా తేరుకోవడానికి పేరు మోసింది. మేకు పక్కనే ఉన్న నాణెం విడిగా వినపడేది ఆ వేగం వల్లే. కాకపోతే ధర ఎక్కువ, మొదటి యంత్రంగా అంత పెట్టమని నేను చెప్పను.

నా మాటగా చెప్పాలంటే భిలాయ్ లాంటి చోట ఈక్వినాక్స్ లేదా లెజెండ్, అంత పెట్టలేకపోతే సింప్లెక్స్. వీటిలో దేనికి మన దేశంలో బిల్లు, వారంటీ, మరమ్మతు దొరుకుతాయో అది తీసుకోండి. మిగిలిన డబ్బుతో 6 అంగుళాల చిన్న కాయిల్ కొనుక్కోవాలి. పెద్ద కాయిల్ కింద ఒకేసారి ఐదారు ఇనుప ముక్కలు పడితే ఏ కంపెనీ యంత్రమైనా గందరగోళపడుతుంది.

కొనేముందు ఒక పరీక్ష. ఇంట్లోని నికెల్ అర్ధరూపాయి, కుప్రో నికెల్ రూపాయి, అల్యూమినియం పైసలు, దొరికితే ఒక వెండి నాణెం, గుప్పెడు మేకులు, ఒక స్లాగ్ ముక్క పట్టుకెళ్లండి. నాణేన్ని ఒంటరిగా ఒకసారి, మేకు పక్కన పెట్టి ఒకసారి యంత్రం ముందు ఊపి చూడండి. అమ్మేవాడు ఇందుకు ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోవడమే.

‘20 అడుగుల లోతు బంగారం’ అని పొడవాటి యాంటెన్నాతో అమ్మే యంత్రాల గురించి కూడా చెప్పాలి. దూరం పెరిగేకొద్దీ నాణెం నుంచి వచ్చే సంకేతం దాదాపు ఆరో ఘాతంలో పడిపోతుంది. 15 సెంటీమీటర్ల దగ్గర ఉన్నది 30 దగ్గరికి పోతే 64వ వంతు అవుతుంది. మంచి యంత్రానికైనా నాణెం జానెడు లోతులో వినపడితే గొప్ప. యాంటెన్నా యంత్రాల్లో చాలావాటికి దిష్టిబొమ్మకున్నంత సాంకేతికత కూడా ఉండదు. గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మను మార్చి బాంబు డిటెక్టర్‌గా ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. ప్రభుత్వాలే మోసపోయిన చోట గుప్తనిధుల ఆశతో వెళ్లేవాడు మోసపోవడంలో వింతేముంది? అదే 2013లో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేడాలో ఒక సాధువు కలను పట్టుకుని పురావస్తు శాఖే తవ్వింది, బంగారం రాలేదు.

ఇక చట్టం. యంత్రం మీద పెట్టే డబ్బుకన్నా ఇదే పెద్ద విషయం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాచిన విలువైనది ఏదైనా, దాని విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవాళ్లు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎంత విలువ, ఎక్కడ, ఏ రోజున అన్నవి రాయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హక్కుదారు ఎవరూ తేలకపోతే, స్థలం యజమానితో వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, యజమానికి ఒక వంతు. కలెక్టర్ ప్రభుత్వం కోసం తీసుకోదలిస్తే ఆ లోహం విలువకు మరో ఐదో వంతు కలిపి చెల్లిస్తారు. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయకూడదు, దేశం దాటించకూడదు.

టౌన్‌షిప్‌లో మైదానమైనా, ఖాళీ స్థలమైనా మనది కాదు, స్టీల్ ప్లాంటుది. అనుమతి కాగితం లేకుండా గునపం దించితే సెక్యూరిటీ వచ్చి అడగడం ఖాయం. దుర్గ్ జిల్లాలోనే, పాటన్ వైపు ఖారూన్ నది ఒడ్డున తరీఘాట్ ఉంది. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో ప్రాచీన నగరం ఆనవాళ్లతోపాటు నాణేలూ బయటపడ్డాయి. అక్కడ నాణెం ఏ పొరలో, ఏ పెంకు పక్కన దొరికిందన్నదాన్ని బట్టే ఆ గోడల వయసు తేలుతుంది. డిటెక్టర్ పట్టుకుని అలాంటి దిబ్బల వైపు వెళ్లకండి. తెలిసిన రైతు పొలం, పంట తీసిన తర్వాత, ఆయన రాసిచ్చిన చీటీతో, తవ్విన ప్రతి గుంటా పూడుస్తూ వెతికితే చాలు. బయటికి తీసిన మేకులు, తుక్కు అక్కడే పారేయకుండా సంచిలో వేసి తెచ్చేయండి. లేకపోతే వచ్చే ఏడాది మళ్లీ అవే కూస్తాయి.