లో-కోడ్ ఆప్‌లు - వాని కట్టుబాట్లు



నేటి ప్రసంగ విషయమునకు పేరు క్రొత్తది, ధర్మము ప్రాతది. సెల్‌ఫోనునందును, కంప్యూటరునందును ఒక పనిని నెరవేర్చు సాధనమును ఆప్ అందురు. పూర్వము దానిని నిర్మింపవలెనన్న, కోడ్ అను యంత్రభాష నేర్చిన నిపుణుడు కావలసియుండెను. ఇప్పుడు ముందే సిద్ధపరచిన భాగములను తెరమీద పేర్చుకొని స్వల్పముగా వ్రాసినచో ఆప్ తయారగును. దీనికి లో-కోడ్ అని పేరు. 2014వ సంవత్సరమున ఫారెస్టర్ అను అమెరికా పరిశోధన సంస్థ యీ పేరును వాడుకలోనికి దెచ్చినది. కచేరీలోని గుమాస్తాయే సెలవుల లెక్కకో, గిడ్డంగి సరకుల లెక్కకో ఆప్‌ను తానుగా చేసికొనవచ్చును. ఇది మేలే.

అయినను, చేయుట సులభమైనంత మాత్రమున కాపాడుట సులభము గాదు. మైక్రోసాఫ్టువారి పవర్ ఆప్స్ అను సాధనముతో 47 సంస్థలు ఏర్పరచుకొనిన పుటలనుండి 3 కోట్ల 80 లక్షల పద్దులు ఎల్లరకు గనబడునట్లుండెనని 2021 ఆగస్టులో అప్‌గార్డ్ అను సంస్థ వెల్లడించెను. ఆ సంస్థలలో ఇండియానా రాష్ట్ర ప్రభుత్వమును, ఫోర్డు కంపెనీయును, మైక్రోసాఫ్టును గూడ గలవు. ఆ పద్దులలో టీకాలకు వచ్చువారి వివరములు మొదలగునవి యుండెను. ఇందు దొంగ కన్నము వేయలేదు. తలుపునకు గడియ గలదు. నిర్మించినవారు వేయలేదు, అంతియే. అటుపిమ్మట మైక్రోసాఫ్టువారు ఆ గడియ మొదటనే పడియుండునట్లు మార్చిరి.

కావున నిర్మాణమునకు ముందే కట్టుబాటు కావలెను. మొదటిది, ప్రతి ఆప్‌నకును యజమాని యెవరో చిట్టాలో వ్రాయవలెను. అతడు వెడలిపోయినచో బాధ్యుడెవరో తెలియవలెను. రెండవది, పరీక్షించు తావు వేరుగను, వాడుక తావు వేరుగను ఉండవలెను. మూడవది, సంస్థ లెక్కలతో కలియదగిన సాధనములేవో, కలియరానివేవో ముందే విడదీయవలెను. దేవాలయపు హుండీ సొమ్మును ఇంటి సంచిలో గలుపము గదా! నాలుగవది, ప్రమాదమును బట్టి పరీక్ష యుండవలెను. ఫలాహారముల జాబితాకును, జీతముల పట్టీకిని ఒకే తనిఖీ పనికిరాదు.

నేను బడిలో పనిచేసిన కాలమున హాజరుపట్టీని తెచ్చుటకు పిల్లవానిని పంపెడివాడను. బీరువా తాళపుచెవి మాత్రము నాకడనే యుండెడిది. నమ్మకమును, హద్దును ఒకదానికొకటి విరోధులు గావు. అయితే హద్దు మితిమీరి, చిన్న యనుమతికే నెలలు పట్టినచో, జనులు చాటుగా చేసికొందురు. అప్పుడు చిట్టాయే నిరర్థకమగును.

రేపు మీ సహకార సంఘమున కొక యువకుడు ఇట్టి ఆప్‌ను చేసి తెచ్చినచో, అతనిని మెచ్చుకొనుడు. పిమ్మట మూడు ప్రశ్నలడుగుడు: దీనికి యజమాని యెవరు? మా లెక్కలను ఎవరెవరు చూడగలరు? నీవు ఊరు విడిచిన పిమ్మట దీనిని నడపువారెవరు? ఈ మూటికిని ఉత్తరము దొరకిన పిదపనే సభ్యుల పేళ్లును, అప్పుల వివరములును అందు చేర్పుడని మనవిచేసి విరమించుచున్నాను.